ఓటర్ల జాబితాలో నా పేరు

కాలువ నీళ్ల వంతు దగ్గర జరిగిన గొడవలో మా ఎదురింటి రైతును పార కర్రతో కొట్టాను. అతని ఎడమ చెయ్యి విరిగింది, అతికినా వంకరగానే నిలిచింది. నాకు మూడేళ్ల శిక్ష పడింది. అది ముగించుకుని కన్నడ సీమలో దేశనూరు దగ్గరున్న మా తెలుగు ఊరికి వచ్చి ఎనిమిదేళ్లయినా నాకు ఓటు లేదు. జైలుకు పోయినవాడికి ఇక ఓటుండదని నేనే నమ్మాను. అడిగితే ఆ సంగతి మళ్లీ పైకొస్తుందని ఎవరినీ అడగలేదు.

పోలింగు రోజు ఊరంతా బడి దగ్గరుంటే నేను పొలం గట్టున కూర్చునేవాణ్ణి. ఎండమావిలో బడి గోడలు నీళ్ల మీద తేలుతున్నట్టుండేవి. మనుషులు ఆ నీళ్లలోకి నడిచి కరిగిపోయేవారు. కాసేపటికి బయటికొచ్చేవారు, ఏదో తీర్థంలో మునిగి లేచినట్టు. చూస్తూ చూస్తూ నేను నామం చెప్పుకునేవాణ్ణి.

శనివారం భజనలో పురాణం చదివి అర్థం చెప్పేది నేనే. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాణ్ణి పాత పాపంతో పిలవకూడదని ఎన్నిసార్లు చెప్పానో. అది నాకూ వర్తిస్తుందని ఒక్కసారీ తోచలేదు. ఎదురింటాయన భజనకు వస్తాడు. నేను పుస్తకం తెరవగానే లేచిపోతాడు.

ఒక ఉదయం అంగన్‌వాడీ టీచరమ్మ ఓటర్ల జాబితా పట్టుకుని వచ్చింది.

"నీ పేరేదప్పా? మీ ఇంట్లో అక్క పేరొకటే ఉండాది."

"నేను లోపలికి పోయొచ్చినోణ్ణి కదమ్మా."

"లోపలుండేటప్పుడు వెయ్యకూడదు. బయటికొచ్చినాక ఎవరొద్దన్నారు? సర్కారు మూడేండ్లు వేస్తే, నువ్వు ఇంకో ఎనిమిది కలుపుకున్న్యావే!"

వంటింట్లోంచి నా భార్య పకపకా నవ్వింది. నేను ఫారం కోసం చెయ్యి చాపాను.

ఫారం నింపాక టీచరమ్మ, "నువ్వు ఈడ ఉండావని పక్కవాళ్లను ఒక మాట అడగాల," అంటూ లేచింది. ఎదురింటి అరుగు మీద ఆయనే కూర్చుని ఉన్నాడు. ఆ ఒక్క మాట అతను కాదంటే ఇక నేను మళ్లీ అడగనని నాకు తెలుసు.

"అన్నా, ఈయన ఈడనే ఉంటాడా?"

ఆయన నావైపు చూశాడు. కాలువ అడుగు నుంచి పైకి చూస్తున్నట్టు ఆయన ముఖం నాకు అలలు అలలుగా కనిపించింది.

"ఈడనే ఉండాడు. పొద్దున లేస్తే ఆ మొగమే చూడాల, నా ఖర్మ."

"అంటే రాసుకునేదా?"

"రాసుకో తల్లీ. పురాణం చదివేది ఆయప్ప, నిజం చెప్పేది నేను!"

వంకర చేత్తో కాగితాన్ని అదిమిపట్టి, కుడిచేత్తో సంతకం చేశాడు. నేను వీధి దాటి చేతులు జోడించాను. చూడనట్టు లోపలికి పోయాడు. ఆ శనివారం కూడా భజనలోంచి లేచిపోయాడు.

ఎండాకాలంలో ఎన్నికలొచ్చాయి. బడి గదిలో చల్లగా, మసకగా ఉంది. అధికారి జాబితా మీద వేలుపెట్టి నా పేరు, మా నాయన పేరు పైకి చదివాడు. బల్ల వెనక ఏజెంట్లు తమ కాగితాల్లో వెతికి గీత గీసుకున్నారు. జైల్లో నన్ను నంబరుతో పిలిచేవారు. ఇక్కడ సంకల్పంలో గోత్రనామాలు చెప్పినట్టు, నలుగురి మధ్య ఆ రెండు పేర్లూ కలిసి వినబడ్డాయి.

"నీవేనా?" అని అధికారి కన్నడంలో అడిగాడు.

"నానే," అని అదే భాషలో అన్నాను. వరుసలో వెనకున్నవాళ్లు తలలెత్తి చూసేంత గట్టిగా.