మూతల ఫ్లూటులో జారు

ఆ రోజుల్లో ఏ వస్తువుకు ఎక్కువ మీటలుంటే అది అంత గొప్పదని నాకు గట్టి నమ్మకం. అందుకే పోర్టులో గుమస్తాగా చేరిన కొత్తలో, వన్ టౌన్‌లో ఓడ సామాన్లమ్మే సాయిబుగారి దుకాణంలో వెండిలా మెరిసే ఫ్లూటు చూడగానే మనసు పారేసుకున్నాను. దాని ప్రతి కన్నానికీ ఒక మూత. నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. మా పెదనాన్న చర్చిలో వాయించేది వెదురు ఫ్లూటు. హార్మోనియం శ్రుతి మారిస్తే ఆయన సంచీలోంచి ఇంకో వెదురు తీయాలి. నాది ఏ శ్రుతికైనా ఒకటే చాలు. ఈ మాట పదిమందిలో ఆయన ముందే అనేశాను. (ఇరవై రెండేళ్ళ వయసు, అంతకుమించి సంజాయిషీ లేదు.)

"అయితే ఈ కిస్మస్సుకి నువ్వే వాయించీ," అన్నారు పెదనాన్న. "కానొరే, ఆ పాట మూడో చరణంలో జారుంది. మీ పెద్దమ్మ దానికోసమే కూకుంటాది. ఏలు కన్నం మీంచి మెల్లగా జరిపితే సొరం జారతాది. ఆ మూతల్లోంచి ఎలాగొస్తాది?"

"పదహారు మూతలున్నాయి పెదనాన్నా! ఏదో ఒకదాన్నుంచి రాదేటి?"

"అన్ని మూతలు వంటింట్లో ఉంటే మీ పెద్దమ్మ సంబరపడీది."

రాలేదు. జారు కోసం మూత సగం ఎత్తితే గాలి బుస్సుమనేది. పూర్తిగా ఎత్తితే స్వరం ఎగిరి పై మెట్టు మీద కూర్చునేది. చివరికి ఫ్లూటునే పెదవి దగ్గర అటూ ఇటూ తిప్పితే కాస్త జారుతుందని కనిపెట్టాను. ఓడిపోయినట్టవుతుందని ఆయనకు చెప్పలేదు.

క్రిస్మస్ ఉదయం మూడో చరణం రానే వచ్చింది. ముందు వరసలో పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. నేను ఫ్లూటు తిప్పాను. చాల్లేదని ఇంకా తిప్పాను. మూతలన్నీ ఉన్న గొట్టం ఊడి పెద్దమ్మ ఒళ్ళో పడింది. ఊదే తలభాగం మాత్రం నా చేతిలో మిగిలింది. ఊదడం ఆపాలన్న తెలివి కూడా లేక, కంగారులో దాని చివర చూపుడువేలు పెట్టాను. వేలు లోపలికి దూరింది. స్వరం రైలు కూతలా పైకెళ్ళి, వేలు లాక్కుంటుంటే పిల్లి ఏడుపులా కిందికి దిగింది. అంత చక్కటి జారు ఆ చర్చిలో ఎవరూ విని ఉండరు.

పెద్దమ్మ కళ్ళు తెరిచి, "ఇదేటిరా, ముక్కలైపోనాది!" అంది. పాస్టరు అయ్యగారితో సహా అందరూ నవ్వారు. అంతలో వెనక బల్ల నుంచి వెదురు ఫ్లూటు పాట అందుకుంది. పెదనాన్న సంచీ తెచ్చుకునే ఉన్నారు. జారు వచ్చింది. పెద్దమ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఇంటికెళ్ళే దారిలో ఏమంటారోనని తలొంచుకుని నడుస్తున్నాను. సందు మలుపులో ఆయన ఆగి చెయ్యి చాపారు. "ఏదొరే, ఆ ఊదే బుర్ర ఇలాగియ్యి." వేలు దూర్చి ఊదారు. పిల్లి ఏడ్చింది. మళ్ళీ ఊదారు. "బాగుందిరా! నా ఎదురు ఫ్లూటుకి ఇంత జారు రాదు." సందు చివరిదాకా ఊదుతూనే నడిచారు. పెద్దమ్మ మేమెవరో తెలియనట్టు చకచకా ముందుకెళ్ళిపోయింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. పెదనాన్న పోయి మూడు నెలలైంది. వెదురు ఫ్లూట్ల సంచీ నాకొచ్చింది. కన్నాలు ఒక పక్క అరిగి ఉన్నాయి, ఆయన వేళ్ళు జరిపిన పక్క. అక్కడ వేలు పెడితే జారు దానంతటదే వస్తుందనుకున్నాను. రాలేదు. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ పెట్టి, ఆ వెండి బుర్ర తీసి వేలు దూర్చి ఊదాను.

పక్కింటావిడ గోడ మీంచి, "బావుగారూ, పిల్లేటైనా ఇరుక్కుందేటండీ?" అని కేకేసింది.

"లేదమ్మా," అన్నాను. "నేనే."