టిఫిన్ డబ్బా మీద పియానో

సిటీ బస్సు శాలిబండ దాటుతుండగా, పాపను కొట్టడానికి లేపిన నా చేతిని వెనక సీట్లోంచి ఎవరో పట్టుకున్నారు.

రెండ్రోజుల్లో పియానో పరీక్ష పెట్టుకుని, అది టిఫిన్ డబ్బా మీద వీడియో గేమ్ పాట వాయిస్తోంది. అప్పటికే వేళ్ల మీద రెండు దెబ్బలు వేశాను.

"నా కూతురు, నా ఇష్టం! చెయ్యి తియ్యండి!" అని అరిచాను.

పెళ్లి బ్యాండు ఎర్రకోటులో ఉన్న పెద్దమనిషి చెయ్యి వదిలి, తన వంకర వేలు చూపించాడు.

"ఏళ్ల మీద కొట్టకు చెల్లే. బాజా నేర్పిన మా ఉస్తాద్ గిట్లనే కొట్టిండు, ఇప్పటికీ సీదా కాలే. పోరి సరదాకు వాయిస్తే ఏంది లొల్లి?"

పురానాపూల్‌లో దిగిపోయాడు. నన్ను ముట్టుకున్నందుకు రాత్రంతా అతన్ని తిట్టుకున్నాను. కమిలిన పాప వేళ్లు చూసి నన్నూ తిట్టుకున్నాను.

తెల్లారి పాపనీ, దాని తమ్ముడినీ కూర్చోబెట్టి చెప్పాను: "ఇక ఎవరి వేళ్ల మీదా కొట్టను. పాపా, ముందు ఆ గేమ్ పాట వాయించు. తమ్ముడూ నేనూ వింటాం."