ఆగకుండా తిరిగిన పచ్చ జీపు

మా బాబుకు రెండేళ్లు దాటాయి. వాడు అన్నం ముద్ద మింగాలంటే ఫోన్‌లో ఆస్ట్రేలియా కార్లు కనబడాలి. ఫోన్ చూపిస్తూ తినిపించొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట ప్రతి ముద్దకూ గుర్తొస్తుంది, అయినా చూపిస్తాను, చూపించినందుకు వాడు పడుకున్నాక కూర్చుని దిగులు పడతాను. అక్కడెక్కడో ఏటా జరిగే మేళా అట అది. పాతకాలం కార్లను కోసి, అతికించి, నేలకు ఆనేంత కిందికి దించి, బానెట్‌లోంచి ఇంజన్ పైకి తన్నుకొచ్చేలా బిగించి, పక్కల మంటల బొమ్మలు వేసి, పచ్చిక మైదానంలో వరసగా నిలబెడతారు. వాటి యజమానులు మడత కుర్చీల్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు కథలు చెబుతుంటారు. మొన్న మధ్యాహ్నం పప్పన్నం కలుపుతూ చూస్తుంటే, ఒక పెద్దాయన తన బండి మీద ఎవరో వేలు పెట్టిన చోటును చొక్కా కొసతో తుడిచాడు. అచ్చం మా నాన్నలాగే, మేము బాపు అంటాం. నా చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

అట్లాంటి మేళా మాకూ ఉండేది, కాకపోతే దానికి పేరు లేదు, టికెట్ లేదు. నకిరేకల్‌లో పాత రోడ్డు పక్కన మెకానిక్ షెడ్లన్నీ ఒకే వరసలో ఉండేవి. మీలో ఆ రోజుల్లో ఆ దారిన హైదరాబాద్ బస్సెక్కిన వాళ్లు చూసే ఉంటారు, నూనె పీల్చి నల్లబడ్డ ఆ నేలను. ఏడాదంతా లారీలు, ట్రాక్టర్లు బాగుచేసేవాళ్లే అయినా, ప్రతి షెడ్డువాళ్లూ తీరిక దొరికినప్పుడల్లా ఒక తుక్కు బండిని పట్టుకుని దానికి కొత్త రూపు ఇచ్చేవాళ్లు. దసరా నాడు ఆ బండ్లన్నింటినీ కడిగి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, డప్పులతో మార్కెట్ యార్డు దాకా తీసుకుపోయి అక్కడ ఒక చుట్టు తిప్పేవాళ్లు. బండిని చేసినవాడో, వాడి ఇంటి మనిషో తోలాలి. తన ఇంజన్ మీదే తిరగాలి. ఎవరైనా వెనకనుంచి తోసి నడిపితే ఆ షెడ్డుకు ఏడాదంతా చెడ్డ పేరే.

ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. ఆ రోజు పొద్దున్నే పానాలు, సుత్తెలు, జాకీలు అన్నీ కడిగి కుంకుమ బొట్లు పెట్టి అమ్మవారి పటం ముందు పేర్చేవాళ్లు. మర్నాడు తెల్లవారేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. ఆ ఒక్కరోజు ఇనుముకు కూడా సెలవే.

నేను చెప్పే దసరా తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాదిదో, ఆ పై ఏడాదిదో. అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. ఆ ఏడు బాపు ఒక జీపు చేశాడు. పైకప్పు కోసేసి, నూనె డ్రమ్ముల రేకుతో మడ్‌గార్డులు కొట్టి, ముందర పాత లారీ దీపాలు పెట్టి, పచ్చి మామిడికాయ రంగు వేయించాడు. సీట్లకు తొడుగులు మా అమ్మ కుట్టింది. అమ్మ పుట్టిల్లు పోచంపల్లి వైపు కాబట్టి మగ్గం మీంచి దిగిన ఎర్ర చిటికీ, అదే ఇక్కత్ గుడ్డ తెప్పించింది. అచ్చంపేట నుంచి ఒకాయన, అడవి వైపు చుట్టాలను తిప్పుకోవడానికి కావాలని, ఆ బండిని బేరం అడిగి ఉన్నాడు. దసరా నాడు చుట్టు తిరగడం చూసి తీసుకుపోతానన్నాడు.

ఇంతలో పండుగ ముందర జాకీ జారి బాపు కుడిచెయ్యి విరిగింది. దవాఖానలో పట్టీ వేశారు. మిగిలిన పని ఎడమచేత్తోనే పూర్తిచేశాడు. కానీ వరసలో మాటలు మొదలయ్యాయి, చెయ్యి పడిపోయిన మెకానిక్ ఇక షెడ్డు మూసుకోవడమేనని. బాపు వినీ విననట్టే ఉండేవాడు. అమ్మ మాత్రం రోజూ వినేది. ఆ జీపు యార్డులో తిరిగితే ఆ మాటలు ఆగుతాయి, జీపు మధ్యలో నిలిచిపోతే ఆ మాటలే నిజమవుతాయి. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

తోలవలసింది మా చిన్నాయన. పండుగ కదా అని పొద్దున్నే కల్లు మండువకు పోయి వచ్చాడు. జీపు ముందర నిలబడి కాసేపు చూసి, అమ్మతో, "వదినా, నాకు బండ్లు రెండు గనవడ్తున్నయ్. గీ రెండిట్ల ఏది తోలాలె?" అన్నాడు. బాపు ఆయన్ను మంచంలో పడుకోబెట్టించి నావైపు చూశాడు. షెడ్డు వెనక జాగాలో బండ్లు ముందుకీ వెనక్కీ తీయడం బాపే నాకు నేర్పాడు. రోడ్డు మీద మాత్రం నేనెప్పుడూ తోలలేదు.

"మందిల పిల్లను ఎక్కిస్తవా? ఎవలికన్న తాకిస్తే ఏం జేస్తవ్?" అని అమ్మ అడ్డం పడింది.

"నేను పక్కపొంటి నడుస్త గద, ఫికర్ జేయకు," అన్నాడు బాపు.

నేను ఎక్కి కూర్చున్నాను. అలవాటు చేసుకుందామని క్లచ్ తొక్కగానే కాలు కింద టప్పుమని చప్పుడై పెడల్ నేలకు పడిపోయింది. క్లచ్ వైరు తెగింది. కొత్త వైరు షెడ్డులోనే ఉంది, బిగించడం పెద్ద పనేం కాదు, కానీ బిగించవలసిన పానాలు పూలకింద అమ్మవారి ముందు ఉన్నాయి. బాపు వాటివైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

పక్క షెడ్డాయన, నేను మామా అని పిలిచే మనిషి, ఇదంతా చూశాడు. బాపు చెయ్యి గురించిన మాటలు మొదలుపెట్టింది ఆయనేనని అమ్మకు గట్టి అనుమానం. ఆయన దగ్గరికొచ్చి, "ఏంది బావా, ఒంటి చేత్తోని బండి జేస్తివి, ఇప్పుడు ఒంటి కాలుతోని తోలిపిస్తవా?" అన్నాడు.

"తోలుతది నా బిడ్డ. నువ్వు జర నోరు మూసుకో, గదే పెద్ద సాయం," అన్నాడు బాపు. తర్వాత నా దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు. "మొదటి గేర్ల వెట్టి సెల్ఫ్ కొట్టు. గుంజుకుంట పోతది. నడుమల ఆపకు. బ్యాటరీ ముసల్ది, ఆపితే మల్ల లేస్తదో లేవదో."

సెల్ఫ్ కొట్టాను. జీపు కుక్క గొలుసు తెంచుకున్నట్టు ఒక్క గుంజు గుంజి, నిమ్మకాయలను చితక్కొట్టి కదిలింది. ఇక దాని నడక దానిదే. నెమ్మదిగానే పోతుంది కానీ అంతకంటే నెమ్మది చేయడానికి లేదు, నిలపడానికి లేదు. ముందర డప్పులవాళ్లు మావైపు తిరిగి వెనక్కి అడుగులేస్తూ కొడుతున్నారు. జీపు వాళ్ల మీదికే పోతోంది. బాపు పట్టీ చెయ్యి పైకెత్తి, "ఉరుకుండ్రి రా, బండి ఆగది!" అని అరిచాడు. వాళ్లకు అది హుషారులాగా వినబడింది. దెబ్బ పెంచారు, అక్కడే నిలబడి చిందేశారు. జనానికీ ఊపొచ్చింది, ఈలలు. ఆ గోలలో బాపు నిజంగానే బతిమాలుతున్నాడని తెలిసింది నాకూ, మామకూ మాత్రమే. మామ ఎప్పుడు ముందుకు చేరాడో, తానే చిందులేస్తున్నట్టు నటిస్తూ డప్పులవాళ్లను భుజాలు పట్టి పక్కకు లాగాడు. దారి దొరికింది.

యార్డులో చుట్టు తిరుగుతున్నంతసేపూ నేను స్టీరింగ్ తప్ప ఏమీ చూడలేదు. చివర అచ్చంపేట ఆయన నిలబడ్డ చోటికి రాగానే బాపు చెప్పినట్టు చావి తిప్పి ఇంజన్ ఆపి బ్రేకు తొక్కాను, జీపు ఒకసారి ఎగిరి నిలబడింది. ఆయన సీటు గుడ్డను చేత్తో నిమిరి, రేపు వచ్చి తీసుకుపోతానన్నాడు. తెల్లారి ఆయన వచ్చేసరికి బాపు యార్డులోనే కొత్త వైరు బిగించాడు. తెగిన సంగతి మామ ఎక్కడా అనలేదు. షెడ్డు మూతపడుతుందన్న మాట కూడా మళ్లీ వినబడలేదు. మామ మీద అమ్మ అనుమానం మాత్రం పోలేదు.

ఇప్పుడు ఆ వరస లేదు. రోడ్డు పక్క జాగాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొత్త బండ్లకు జబ్బేమిటో కంప్యూటరే చెబుతుంది. బండి కోసి రూపు మార్చడం చట్టప్రకారం తప్పంటున్నారు, తప్పే కావచ్చు కూడా. దసరా నాడు ఎవరింటి ముందు వాళ్లు తమ కారుకు దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, ఫోన్‌లో ఫోటో పెట్టుకుంటారు.

ఈమధ్య బాపును అడిగాను, ఆ రోజు నీకు భయం కాలేదా అని. "గాకుంటదా బిడ్డా? చెమటకు పట్టీ నానిపాయె," అన్నాడు. తలుపులు లేని జీపు అది. స్టీరింగ్ ఆయన ఎడమచేతికి అందేంత దూరంలోనే ఉంది, చుట్టంతా పక్కనే నడిచాడు, ఒక్కసారీ దాన్ని పట్టుకోలేదు. నేను మాత్రం మా వాడు గడప దాటుతుంటే రెండు చేతులూ అడ్డం పెడతాను. అంత భయాన్ని లోపల పెట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆ షెడ్ల వరసలోని వాళ్లకు ఎట్లా వచ్చిందో. పోయి చూసి నేర్చుకుందామన్నా, అక్కడ ఇప్పుడు రోడ్డు తప్ప ఏమీ లేదు.