సింహాద్రి బాబాయి నేర్పిన బీరు

పొద్దున్న ఏడింటికి ఏలూరు పక్కన వట్లూరులో మా బ్రూవరీ తలుపు తీయగానే ముందుగా పలకరించేది వాసనే. ఉడికిన గింజ వాసన, దాని వెనక పనసతొనల తీపి, ఆ తీపి వెనక రవ్వంత పులుపు. స్టీలు ట్యాంకుల్లో బీరు పొంగుతున్న వాసన అది. చూడవచ్చినవాళ్ళు ముక్కు చిట్లిస్తారు. నేను మాత్రం గుమ్మంలోనే నిలబడి గట్టిగా ఒక్కసారి పీలుస్తాను. పులుపు నిన్నటికంటే ఏమాత్రం ఎక్కువగా తగిలినా చెప్పులు కూడా విడవకుండా ట్యాంకు దగ్గరికి పరుగెడతాను. మీటర్లున్నాయి, కంప్యూటరుంది, అవన్నీ తర్వాత. ఇలా ముక్కుతో పని మొదలుపెట్టడం నేర్పినాయన ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. రోజుకి రెండుసార్లు పాతిక తాటిచెట్లు మాత్రం ఎక్కేవారు.

ఆయన పేరు సింహాద్రి. అత్తిలికి కాస్త దూరంలో మా ఊరు. మా నాన్నది వరి వ్యవసాయం. మా పొలం గట్ల మీదున్న తాటిచెట్లను నేను పుట్టకముందు నుంచీ ఆయనే కల్లుకి గీసేవారు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవారు. నేను లంగాలు వేసుకునే రోజుల్లోనూ అదే పిలుపు, ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనూ అదే పిలుపు. ‘నన్ను అండీ అనొద్దు బాబాయ్’ అని ఎన్నిసార్లు పోట్లాడానో! ‘ఆయ్, అలాగేనండి’ అనేవారు. ఇంకేం చెప్పను ఆయనకి?

ఫుడ్ టెక్నాలజీ చదివి ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న వేసవి అది. చదువుకున్న తల కదా, ఊరికే ఉండనివ్వదు. ఒకరోజు ఎండవేళ బాబాయ్ అన్నానికి ఇంటికి వెళ్ళారు. చెట్టు కింద కల్లు పట్టే కుండలు, లొట్టి అంటాం మేము, పది దాకా బోర్లించి ఉన్నాయి. లోపల చూస్తే అడుగంతా తెల్లటి జిగురు. అయ్యో, జనం ఇందులోది తాగుతున్నారా అని నాకు పరిశుభ్రత పూనింది. ఇంటికెళ్ళి బ్లీచింగ్ పౌడరు తెచ్చాను. బిందెడు నీళ్ళు మరగబెట్టాను. చేతులు బొబ్బలెక్కేలా పది కుండలూ తోమి, ఎండలో వరసగా పెట్టి, ఆయనకి చెప్పకుండా మురిసిపోతూ ఇంటికొచ్చేశాను. ఆయన వాటిని చూసి ఎవరో కడిగారనుకుని ఆ సాయంత్రం చెట్లకి కట్టేశారు.

మర్నాడు పొద్దున్న చెట్టు కింద పెద్ద రభస. కల్లు దిగింది గానీ నురగ లేదు, పొంగు లేదు, చప్పటి తీపి. తాగడానికొచ్చిన నలుగురూ ఒకటే వేళాకోళం. ‘ఏంటి సింహాద్రీ, ఇయ్యాల శ్రీరామనవమేటి, పానకం పోత్తన్నావు?’ అని ఒకాయన. నేను గొప్పగా ముందుకెళ్ళి, కుండలు నేనే కడిగానని చెప్పాను. బాబాయ్ నా మొహం చూశారు, కుండ చూశారు, వాసన చూశారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన తల గోక్కుని, ‘కడిగితే పర్లేదండి అమ్మాయిగారూ. కుండ తన పని మర్సిపోయేలా కడిగేశారండి’ అన్నారు.

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ తెల్లటి జిగురే కల్లుని పొంగించే ఈస్టు. నాలుగేళ్ళు పుస్తకాల్లో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న ఈస్టు కళ్ళెదురుగా కనపడితే మురికనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! బాబాయ్ మాత్రం పక్క గట్టు మీది చెట్టెక్కి, నా బ్లీచింగ్ తగలని పాత లొట్టి దించుకొచ్చారు. అందులోది తలో గుక్కెడు నా పది కుండల్లోనూ పోసి, గుండ్రంగా తిప్పి పక్కన పెట్టారు. ‘పాలకి తోడేత్తారు కదండీ మీ అమ్మగారు. ఇదీ అంతేనండి’ అన్నారు. కాసేపయ్యాక కుండ ఎత్తి నా చెవి దగ్గర పెట్టారు. సన్నగా, చిటపటమని, దూరంగా వాన మొదలైనట్టు చప్పుడు. ‘ఇనపడతందా అండి? లేచిందండి’ అన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ క్షణాన నాకు ఏ పని కావాలో తెలిసింది.

ఆ వేసవంతా ఆయన వెనకే తిరిగాను. ఎండ ముదిరితే కల్లు ఎంతసేపట్లో పులుపు తిరుగుతుంది, గాలి మళ్ళితే నురగ ఎలా మారుతుంది, అన్నీ వాసనతోనే చెప్పేవారు. ఒకరోజు మధ్యాహ్నం కల్లు బాగా పులిసిపోయింది. పొరుగూరి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినాయన, ‘పులిసినా పర్లేదు, పొయ్యి సింహాద్రీ’ అని బతిమాలాడు. బాబాయ్ కుండ ఎత్తి మొత్తం చెట్టు మొదట్లో కుమ్మరించేశారు. ‘తాగేది మీరైనా పేరు నాదండి’ అన్నారు. వేరేచోట్ల కల్లులో మత్తుపొడి కలుపుతారని వినికిడి. ఆ మాట ఆయన ముందు ఎత్తితే చాలు, అంత నెమ్మదస్తుడూ కళ్ళెర్రజేసేవారు.

తర్వాత నాకు వట్లూరులో ఒక హోటల్ వాళ్ళ బ్రూవరీలో ఉద్యోగం వచ్చింది. ఏలూరులో చిన్నగా బీరు తయారుచేసి అక్కడికక్కడే పోసే చోటు కొత్త. నాకైతే పండగే. ఇంట్లో మాత్రం పండగ కాదు. నాన్న వద్దనలేదు. ‘పని మంచిదే కావచ్చమ్మా, కానీ నలుగురిలో చెప్పుకునే పనేనా అది?’ అన్నారు. అప్పటినుంచీ చుట్టాలెవరు అడిగినా ఆయన జవాబు ఒకటే: మా అమ్మాయి ఫుడ్ కంపెనీలో చేస్తుందండి. నన్నూ అలాగే చెప్పమన్నారు. చెప్పాను. అబద్ధం కాదుగా, బీరులోనూ గింజలే ఉన్నాయిగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి అది భయం. ఆడపిల్ల బీరు చేస్తుందని తెలిస్తే నాన్న తల ఎక్కడ పెట్టుకుంటారోనన్న భయం. ఈ దాపరికం సంగతి బాబాయ్‌కి మాత్రం చెప్పలేదు. ఆయన ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు.

ఆయన లొట్టి అడుగు జిగురును సీసాలో పట్టుకెళ్ళి, ల్యాబులో అందులోంచి ఒక ఈస్టును వేరుచేశాను. బార్లీకి తోడు మా పొలం బియ్యం కలిపి దానితో బీరు పెట్టాను. మొదటి నాలుగు విడతలూ తగలడ్డాయి. ఒకటి వెనిగరు పులుపు, ఒకటి అరటిపండు వాసన, మిగతా రెండూ చెప్పుకోదగ్గవి కావు. అన్నీ కాలవలో పోయించాను. ‘ఇంత పారబోస్తే ఎలా?’ అని మా మేనేజరు గొణిగితే, ‘పేరు నాదండి’ అన్నాను. అయిదోది కుదిరింది. తేలిగ్గా, చివర్లో చిన్న పులుపుతో, కొల్లేటి కొర్రమీను వేపుడు పక్కన పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చేలా. సీసా పట్టుకెళ్ళి బాబాయ్‌కి ఇచ్చాను. ఒక గుక్క తాగి, సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ వాసన చూశారు. ‘మన సెట్టేనండి ఇది’ అన్నారు. ఏ బహుమతి ఇచ్చినా నాకు అంత గర్వం కలగదు.

మరుసటి ఏడు చలికాలంలో మా హోటల్ లాన్‌లో బీరు పండుగ పెట్టారు. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి చిన్న బ్రూవరీలవాళ్ళు వచ్చి స్టాళ్ళు వేశారు. సొంత ఊరికి దగ్గర్లో, తెలిసిన మొహాల మధ్య, బీరు స్టాల్లో నిలబడాలి నేను! అయినా బాబాయ్‌ని పిలవకుండా ఉండలేకపోయాను. ఆయన తాడేపల్లిగూడెం దాకా ఆటోలో వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కి వచ్చారు. తెల్లచొక్కా, ఇస్త్రీ పంచె. చెట్లెక్కీ ఎక్కీ కాయలు కాసిన కాళ్ళకి కొత్త చెప్పులు. చిన్నచిన్న గ్లాసుల్లో రుచి చూపిస్తుంటే ఒక్కో స్టాలు దగ్గరా ఆగి, వాసన చూసి, గుక్కెడు పుచ్చుకుని, తలూపి ముందుకు కదిలేవారు. విశాఖవాళ్ళ స్టాలు దగ్గర మాత్రం గ్లాసు కింద పెట్టేశారు. ‘సరుకు మంచిదేనండి. ఇది వచ్చే గొట్టం మాత్రం కడగలేదండి’ అని మా స్టాలుకి వచ్చేశారు.

ఆ స్టాలు కుర్రాయన నవ్వాడు. నవ్వుతూనే, ఎందుకైనా మంచిదని గొట్టం విప్పాడు. లోపల జిగట. నవ్వు ఆగిపోయింది. పరుగెత్తుకుంటూ మా స్టాలుకి వచ్చి, ‘సార్, మీరు ఏ బ్రూవరీ అండీ?’ అని అడిగాడు. చుట్టూ పదిమంది మూగారు. వాళ్ళలో మా నాన్నకి అన్న వరసయ్యే తాడేపల్లిగూడెం పెదనాన్న కనపడ్డారు. బాబాయ్ నోరు తెరిచేలోపే, ‘మా ఊరి రైతండీ’ అనేశాను.

‘రైతుని కాదండి’ అన్నారు బాబాయ్, ఎంతో మర్యాదగా. ‘కల్లు గీత్తానండి. ముప్పయ్యేళ్ళ పైమాటండి.’ తర్వాత నావైపు చూశారు. కోపంగా చూసినా బాగుండేది. ఏదో నేను పొరపడ్డానన్నట్టు, సర్దేసినట్టు చూశారు. అంతటితో ఆగకుండా, నా భుజం వైపు చెయ్యి చూపిస్తూ లాన్ అంతా వినపడేలా, ‘ఈ అమ్మాయిగారు బీరు సేత్తారండి! ఇదిగో ఇది ఆవిడ సేసిందేనండి. మా ఊరండి!’ అన్నారు.

పెదనాన్న జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చారు. ‘ఏమ్మా, ఫుడ్ కంపెనీ అన్నాడే మీ నాన్న?’ అన్నారు. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. చూసిపోవడానికి వచ్చానంటే సరిపోతుంది. కానీ పక్కన ఆయన నిలబడి ఉన్నారు. చదువు లేదు, పొలం లేదు. తన పని పేరు చెప్పడానికి ఒక్క క్షణం తడుముకోలేదు. అన్నీ ఉన్న నేను ఆయన పనినీ దాచాను, నా పనినీ దాచాను. ఛీ అనిపించింది నామీద నాకే. ‘బీరేనండీ పెదనాన్నగారూ. నేనే చేస్తాను. ఈయన దగ్గర నేర్చుకున్నాను’ అన్నాను. పెదనాన్న గ్లాసు తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా ఫోన్లు మోగాయి. ‘సుబ్బరంగా సారా కాత్తందంట మీ అమ్మాయి’ అని ఎవరో నాన్నతో అన్నారట. నాన్న నాతో మాట్లాడటం మానేశారు. నేను ఫోన్ చేస్తే అమ్మకి ఇచ్చేసేవారు. వారం కాదు, రెండు వారాలు కాదు, తాటిగెలలు వచ్చి కల్లు దిగే రోజులొచ్చినా అదే వరస. ఇంత జరిగిందని తెలిసి బాబాయ్ ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వెళ్ళారు. అమ్మ తర్వాత చెప్పింది. అరుగు కింద నిలబడి, ‘బాబుగారూ, నోరు జారింది నేనండి. అమ్మాయిగార్ని ఏమీ అనకండి’ అన్నారట. నాన్న కాఫీ తాగుతూనే ఉన్నారట. అప్పుడు, ‘మీ గట్టు మీద సెట్లెక్కి నా పిల్లల్ని పెంచుకున్నానండి. అది తప్పుడు పనని మీరెప్పుడూ అనలేదండి. మరి అమ్మాయిగారి పని తప్పెలాగవుద్దండి?’ అని అడిగారట. నాన్న కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేశారట. బాబాయ్ వస్తానండి అని చెప్పి చెట్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయారు. నలభై అడుగుల చెట్టు మీదినుంచి ఏనాడూ జారని మనిషి, ఇంట్లో మంచం మీద, గుండెనొప్పితో. నేను ఏలూరు నుంచి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పెద్దకర్మ రోజున వాళ్ళ వీధిలో టెంటు వేశారు. నేను బాబాయ్ భార్య, మా పిన్ని పక్కన, ఆయన కూతుళ్ళతో పాటు చాప మీద కూర్చున్నాను. నాన్న వస్తారని అనుకోలేదు. వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో, ఊరి రైతుల మధ్య భోజనానికి కూర్చున్నారు. నాన్నతో పాటు వచ్చిన తాడేపల్లిగూడెం పెదనాన్న కూడా ఆ వరసలోనే ఉన్నారు. పొరుగూరి నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన నన్ను చూసి, ‘ఆ పిల్ల సింహాద్రి మూడో కూతురాండీ?’ అని అడిగాడు. నేను తలెత్తి నాన్నని చూశాను. నాన్న కండువా సర్దుకున్నారు.

‘మా అమ్మాయండి’ అన్నారు. ‘ఏలూరులో బీరు చేస్తుందండి. సింహాద్రి శిష్యురాలు.’

టెంటులో ఎవరూ నవ్వలేదు. పెదనాన్న తల వంచుకుని విస్తరి మడిచారు. నాకు ఏడుపాగలేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆయన పోయారన్న దుఃఖమెంతో, ఆయన మా నాన్న నోటితో ఆ మాట అనిపించారన్న గర్వమూ అంతే. ఇప్పుడు ఎక్కడ బీరు పండుగ జరిగినా, ఎవరు వచ్చి ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగినా, నా కాలేజీ పేరు తర్వాతే చెప్తాను. ముందు మా ఊరి పేరు, సింహాద్రి బాబాయి పేరు, ఆయన ఏం పని చేసేవారో చెప్తాను.