వదిన రక్తం

ఈ మాట పదేళ్లకు పైగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పను. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

అనంతపురం జిల్లాలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేదాన్ని. మగవాళ్ల సుఖవ్యాధుల గది ఒక మూల, కాన్పుల వార్డు ఇంకో మూల. ఎవరి రిజిస్టరు వాళ్లది. రెండు వైపుల రక్తమూ కలిసేది నా బల్ల మీదే. అందుకే డాక్టర్లకు కనపడనిది నాకు కనపడేది. శనక్కాయ లోడుతో ఊళ్లు తిరిగొచ్చిన మగవాళ్లు ముందు వచ్చేవాళ్లు. కొన్ని నెలలకు అదే ఊరి నుంచి, అదే ఇంటిపేరుతో ఆడవాళ్లు వచ్చేవాళ్లు, కడుపు నిలవడం లేదని. మగవాడు సూది వేయించుకుని దులుపుకుని పోయేవాడు, ఆడది దేవుళ్లకు మొక్కుకునేది. చూసి చూసి ఒళ్లు మండేది నాకు. ఆ మొగుళ్లను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! మా అన్న రానంతవరకు.

నాయన పోయాక నన్ను చదివించింది అన్నే. కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో సర్పంచ్‌గా నిలబడ్డాడు అప్పుడు. అతని రక్తంలో సిఫిలిస్ తేలింది. భార్యనూ పరీక్షకు తీసుకురమ్మని డాక్టరు రాసిచ్చిన చీటీని నా ఎదుటే చింపి జేబులో కుక్కుకున్నాడు.

"ఎలక్షన్లు అయిపోనీ మ్మే. అంతవరకూ నోరు మూసుకోని ఉండు," అన్నాడు.

మూసుకున్నాను.

ఆ నెలలోనే వదిన ఐదో నెల కడుపుతో మామూలు పరీక్షలకు వచ్చింది. ఆమె రక్తం నా చేత్తోనే తీశాను. రియాక్టివ్ అని వచ్చింది, అంటే జబ్బు ఆమెకూ అంటింది. నేను నాన్ రియాక్టివ్ అని రాశాను. ఆ రిజిస్టరులో నిజం రాస్తే డాక్టరు మొగుణ్ణి పిలిపిస్తాడు, విషయం ఊరికెక్కుతుంది, అన్న పరువు పోతుంది. ఎలక్షన్లు కాగానే బలానికని చెప్పి వదినకు సూది వేయిద్దాం అనుకున్నాను. నిజంగా అప్పుడే అనుకున్నానా, లేక తర్వాత నన్ను నేను ఓదార్చుకోవడానికి అల్లుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అన్న గెలిచాడు. ఊరేగింపు అయ్యింది. నేను ఇవాళ రేపు అంటూనే ఉన్నాను. ఏడో నెలలో బిడ్డ చచ్చి పుట్టింది.

గ్రహణం నాడు వదిన కత్తిపీట ముందర కూర్చుని వంకాయలు తరిగిందని, అందుకే ఇలా జరిగిందని మా అమ్మ తీర్పు చెప్పేసింది. ఆసుపత్రి మంచం మీద వదిన నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, నిజం చెప్పు. నా రగతంలో ఏమన్నా దోషముండాదా? నువ్వే కదా చూసినావు."

"ఏం లేదొదినా. అంతా బాగానే ఉండాది."

"అయితే ఆ కత్తిపీటే. నా బిడ్డను నేనే సంపుకున్న్యా," అంది.

అప్పుడైనా చెప్పవలసింది. బలానికని అబద్ధం చెప్పి సూదులు మాత్రం వేయించాను. మళ్లీ ఆమెకు కడుపు పండలేదు. అన్న మాత్రం నా కళ్లలోకి చూసి ఎప్పటిలాగే నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. దొంగలిద్దరం.

మొన్నటి గ్రహణానికి ఊళ్లోనే ఉన్నాను. పక్కింటి కోడలు కడుపుతో ఉంది. వదిన పొద్దున్నే వాళ్లింటికి పోయి కత్తిపీట తీసి అటక మీద దాచి, గ్రహణం విడిచేదాకా ఆ పిల్ల పక్కనే కూర్చుంది. "నేను జేసిన తప్పు నువ్వు జేయొద్దు తల్లీ," అంటోంది. నేను గడపలో నిలబడి విన్నాను. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు. కత్తిపీట ఏ పాపమూ ఎరగదు, వదినా ఎరగదు. ఆ రోజు నేను రాయాల్సిన మాట ఒక్కటే. ఇప్పుడు రాస్తున్నాను: రియాక్టివ్.

ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది.