ఈల వినబడని మనిషి

తలకోనకు పోదామని మా వీధిలో పన్నెండు మందిమి కలిసి వ్యాను మాట్లాడుకున్నాం. నగరిలో చీకటితోనే బయలుదేరి, తిరుపతిలో ఇడ్లీలు తిని, భాకరాపేట దాటి అడవి గేటు దగ్గర దిగేసరికి ఎండ చుర్రుమంటోంది. అంతదాకా ఆ వ్యానులో నాకన్నా హుషారైన మనిషి లేదు. ముప్పై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో నిలబడి పనిచేసినదాన్ని. ఆ కొండ మీది నుంచి పడే నీళ్ల కింద ఒక్కసారి నిలబడాలని ఎన్నాళ్ల కోరికో.

గైడు నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, ఆ అడవి అంచు ఊరివాడే. అందరినీ వరుసగా నిలబెట్టి పద్ధతి చెప్పాడు. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి, మూడు వేస్తే వెనక్కి రావాలి. పక్కనే ఉన్న మా తోడికోడలు నా మోచెయ్యి గిల్లింది. మగ్గాల మోతకు నా చెవులు సగానికి పైగా పోయాయని ఆమెకు తెలుసు. గట్టిగా అరిస్తే వింటాను, ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట పట్టుకుంటాను. ఈల మాత్రం నా వరకు లేనట్టే.

ఎవరో నా సంగతి అతని చెవిన వేసినట్టున్నారు. నేను చెట్ల మీది కోతుల్ని చూస్తుంటే వెనకనుంచి ఈల వేశాడట. నేను తిరగలేదు. తీరా తిరిగేసరికి అందరూ నన్నే చూస్తున్నారు.

"అక్కా, మీరు ఈడే వ్యాను కాడ కూసోండి. పైన రాళ్లు జారతాయి. నా ఈల ఇనపడకుంటే నేను జవాబు సెప్పుకోలేను," అన్నాడు గైడు, నాకు వినబడేటట్టు.

వ్యాను మాట్లాడిన బట్టల కొట్టు ఆసామి, "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది," అని పక్కవాళ్లతో అని నవ్వాడు. మెల్లగానే అన్నాడు గానీ, పెదాలకు మెల్లగా, గట్టిగా అని ఉండదు కదా. నాకు ఒళ్లు మండిపోయింది.

"శంఖం ఊదింది సాల్లేప్పా! నాకు కండ్లుండాయి, కాళ్లుండాయి. ఈడ కూసునేదానికి నేను రాలేదు," అన్నాను.

"అక్క పక్కన నేనుంటా అన్నా. నువ్వు ఈల ఏస్తే నేను చెయ్యి సూపిస్తా," అని మా తోడికోడలు అడ్డం పడింది. గైడు తల గోక్కుని చివరికి సరేనన్నాడు. వాగు దగ్గర నీళ్లు ఎక్కువుంటే మాత్రం నన్ను దాటనివ్వనన్నాడు.

రెండు గంటలు ఎక్కాం. గైడు ముందు నడుస్తూ ఆ చెట్టూ ఈ తీగా చూపించి ఏవేవో చెబుతున్నాడు. నాకు కనబడేది అతని వీపు. ఒక ఎర్రచందనం చెట్టు దగ్గర ఏదో అన్నాడు, అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇట్లాంటి నవ్వులు నేను చాలా నవ్వాను, ఏడుపు కంటే కష్టం అవి.

వాగు దగ్గరికి వచ్చేసరికి జలపాతం మోత మీద పడింది. వానలు బాగా పడిన ఏడు. గైడు కాస్త ఎగువకు పోయి తాడు ఒక కొస ఇవతల చెట్టుకు కట్టి, రెండో కొసతో ముందు తను దాటి అవతల చెట్టుకు బిగించి, మాకు ఎదురుగా వచ్చి అవతలి ఒడ్డునుంచి చెయ్యి ఊపాడు. బుగ్గలు పొంగించి ఈల వేశాడు. ఒక్కరికీ వినబడలేదు. రమ్మంటున్నాడనుకుని ఆసామి రాయి మీద కాలు పెట్టాడు.

నేను గైడు పెదాలు చూశాను. "రావద్దు, పాసి పట్టుండాది! పైకి పోండి, తాడు కాడికి!"

ఆసామి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. మనిషి ఒడ్డున పడ్డాడు, చెప్పు ఒకటి నీళ్లలో పోయింది. "వద్దంటా ఉండాడు!" అని అరిచాను. నా అరుపూ ఎవరికీ అందలేదు. అందరూ నోళ్లు తెరిచి నా మొహం చూస్తున్నారు, పొద్దున నేను వాళ్ల మొహాలు చూసినట్టు.

ఇక చేతులెత్తాను. షెడ్డులో ఆ మోతలో మేం ముప్పై ఏళ్లుగా మాట్లాడుకున్నది చేతులతోనే. పోగు తెగితే ఒక సైగ, టీ వస్తే ఒకటి, యజమాని వస్తే మీసం మెలేయడం. వరుసలో వెనకబడిన మా తోడికోడలికి, ఆమే కొన్నాళ్లు నాతో షెడ్డులో చేసిన మనిషే, ఆగమని, పైకి మళ్లమని, తాడు పట్టుకోమని చూపించాను. ఆమె జనాన్ని అటు తిప్పింది. అవతలినుంచి గైడు చెప్పడం, ఇటు నేను చెయ్యి చూపడం. ఒక్కొక్కరే దాటారు. అందరి వెనకా నేను దాటాను. దాటనివ్వనన్న మనిషే చెయ్యి అందించాడు.

నీళ్ల కింద చీరతోనే నిలబడ్డాను. నెత్తిన దబదబా కొడుతుంటే ఆ మోత ఎముకల్లోకి వినబడింది. గెలిచానని గట్టిగా అరిచాను. ఎవరూ వినలేదు, నాకు అక్కర్లేదు.

దిగేటప్పుడు గైడు నన్ను తన పక్కనే నడిపించాడు. ఏదైనా చెప్పాలంటే ఆగి, నావైపు తిరిగి, నేను చూసేదాకా ఉండి చెప్పాడు. ఆసామి ఒంటి చెప్పుతో కుంటుతూ వెనక వస్తున్నాడు. ఎర్రచందనం చెట్టు దగ్గర, పొద్దున ఏం చెప్పి నవ్వించావని అడిగాను.

"ఈ సెట్టుకుండే కాపలా మా ఎమ్మెల్యేకు గూడా లేదంటినక్కా."

ఏమంత గొప్ప జోకు కాదు. అయినా దారి మధ్యలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను, ఎందుకు నవ్వుతున్నానో తెలిసి.