కోళ్ళగూడులో డీజిల్ ఇంజను

"మీ మామ పోయినాడు పాపా. బండి తాళం నా కొంగుకు కట్టుకోనుండా. నువ్వు బిర్న రా," అని పోయిన నెల ఒక పొద్దున అత్త ఫోను చేసింది.

మా చిన్నమామ, అంటే అమ్మకు తమ్ముడు, నిద్రలోనే గుండె ఆగి పోయారు. మొగుడు పోయిన గంటలోనే ఆవిడ తాళం ఎందుకు దాచుకుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. శాంతంగా రాయాలని కూర్చున్నాను గానీ నా వల్ల కావడం లేదు.

ఆ బండి మా తాతది. చిక్కపేటలో చీరల అంగడి పెట్టిన కొత్తలో కొన్న పెట్రోలు పికప్పు. తాత పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమామ అంగడి తీసుకుని, తమ్ముడికి బండి వదిలారు. చిన్నమామ సంబరంగా వెళ్ళి బానెట్టు ఎత్తితే లోపల ఇంజను లేదు. ముందే పీకించి అమ్మేశారు. అడిగితే పెద్దమామ నవ్వారట.

"బండి ఇస్తామన్నేము గానీ ఇంజను ఇస్తామన్నేమా? కోళ్ళగూడుకు పనికొస్తాది, తీసుకుపో అప్పా."

చిన్నమామది హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పని, అద్దె ఇల్లు. ఆ ఇంటి ముందుకు బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. పాత ఇనుము అంగట్లో పడి ఉన్న టెంపో డీజిల్ ఇంజను వెతికి తెచ్చారు. అది ఎత్తెక్కువ, బానెట్టు మూసుకోలేదు. రేకు కోసేద్దామన్నాడు మెకానిక్కు.

"మా నాయన దినామూ తుడిచిన రేకప్పా అది. కొయ్యొద్దు. ఇంజన్నే కిందికి దించుదాం," అన్నారు చిన్నమామ.

దించారు. ఆ బరువుకు తగ్గట్టు ముందు చక్రాల కమాన్లు, అంటే స్ప్రింగు పట్టీలు, మార్చారు. సెలవు రోజులన్నీ దానికే పోయేవి. నేను బ్యాంకు పని లేనప్పుడు ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్ళేదాన్ని. ఇంత కోపం ఎట్లా మోస్తావు మామా అంటే, "కోపాన్ని ఊరికే కూర్చోబెడితే మనల్నే తింటాది పాపా. పనికి పెట్టల్ల," అనేవారు. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి ఇంజను మార్పు కూడా రాయించుకున్నారు. వెనక తలుపు మీద 'కోళ్ళగూడు' అని తెల్లరంగుతో పెద్దగా రాయించారు.

ఇక ప్రతి శుక్రవారం, చిన్నమామకు వారం సెలవు నాడు, పెద్దమామ షట్టరు ఎత్తి లక్ష్మీ పటానికి అగరొత్తి వెలిగించే వేళకు కోళ్ళగూడు అంగడి ముందు ఆగేది. చిన్నమామ దిగరు, ఇంజను ఆపరు. ఆ కుదుపుకు స్టీరింగు ముందు తాత అంటించిన వెంకటేశ్వరస్వామి బొమ్మ తలాడిస్తూ ఉండేది. యాక్సిలేటరు గట్టిగా తొక్కి, నల్లటి పొగ వదిలి, "బాగుండావా అన్నా?" అని పలకరించి వెళ్ళిపోయేవారు. అంతే. ఏళ్ళ తరబడి అంతే. పెద్దమామ ముఖం చూడటానికి నేనూ సెలవు పెట్టి వెళ్ళేదాన్ని. అది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

చిన్నమామ పోయిన మూడో రోజు పెద్దమామ వచ్చారు. కాసేపు ఏడ్చారు. తర్వాత అత్తతో, "సర్జాపుర రోడ్డులో కొత్త షోరూము తెరుస్తా ఉండాము. నాయన గురుతుగా ఆ బండి వాకిట్లో నిలబెడతాం. ఇంజను తీసేస్తే పొగ గిగ ఉండదు," అన్నారు.

"ఇంజను తీసేది నీకు అలవాటే కదా మామా," అన్నాను. నా ఒళ్ళు మండిపోతోంది.

అత్త నా చెయ్యి నొక్కింది. "కర్మ కానీ బావా. శుక్రవారం అంగడికాడికి నేనే తెస్తా," అంది. ఆయన తృప్తిగా లేచి వెళ్ళారు.

కర్మ ముగిశాక వచ్చిన శుక్రవారం నేను బండి నడిపాను, అత్త పక్కన కూర్చుంది. పెద్దమామ ఒక చేతిలో అగరొత్తితో నవ్వుతూ మెట్లు దిగి, తాళం కోసం రెండో చెయ్యి చాచారు.

"తొక్కు పాపా," అంది అత్త.

తొక్కాను. వెంకటేశ్వరస్వామి తలాడించాడు. అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బాగుండావా బావా?" అని అడిగింది.

ఆ పొగలో అగరొత్తి పొగ ఏదో తెలియలేదు. చాచిన ఆ చెయ్యి మాత్రం వీధి మలుపు దాకా నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంది.